జేజి కాలూ, నా కాలూ, ఆళ్లగడ్డ రాయీ

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరూ నేల మీద నడిచేవాళ్లు, నేనొక్కదాన్నే నేల మీద పడేదాన్ని. నడవడం రాక కాదు. తొమ్మిది అడుగులు పీటల మీదికి వస్తున్న పెళ్లికూతురిలా బ్రహ్మాండంగా వేసేదాన్ని. పదో అడుగులో కుడికాలి చీలమండ లోపల ఎవరో గొళ్లెం తీసేవాళ్లు. పాదం లోపలికి మడతపడేది, నేను బయటికి పడేదాన్ని. చేతిలో పాలచెంబు ఉంటే పాలతో సహా, చల్లముంత ఉంటే చల్లతో సహా, ఏమీ లేకపోతే ఒట్టి నేను. మా ఇంటి పెట్టకోడికి ఈ సంగతి మనుషులకంటే ముందే అర్థమైంది. నా అడుగుల చప్పుడు వినపడితే చాలు, పిల్లలన్నిటినీ వెంటేసుకుని గాదె కిందికి దూరేది. గద్ద వచ్చినప్పుడు కూడా అంత హడావుడి పడేది కాదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రభుత్వం పడిపోయిందని పేపర్లో చదివి మా నాయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ రెండు రోజుల్లోనే నేను ఆరుసార్లు పడ్డాను. అది ఏ పేపర్లోనూ రాలేదు.

పడిన ప్రతిసారీ నా చీలమండ సంగటి ముద్దంత వాచేది. మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, చింతపండూ ఉప్పూ కలిపి ఉడికించి, పొగలు కక్కుతుండగా పట్టు వేసేది. ఆ పట్టు ఎండి, పగిలి, రాలేలోపల నేను మళ్లీ పడేదాన్ని కాబట్టి దాని మీదే ఇంకో పట్టు. ఆ ఏడాది మా ఇంట్లో చారుకంటే నా కాలికే ఎక్కువ చింతపండు ఖర్చయిందని మా అమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. బడిలో నా పక్కన కూర్చునే పిల్లకు ఊరికే నోరు ఊరేదట.

నేనెందుకు పడుతున్నానన్న దాని మీద మా ఇంట్లో మూడు మతాలుండేవి. మా అమ్మది చూపు మతం. నేను కాళ్లకింద చూడకుండా ఆకాశంలో కొంగల్ని చూస్తూ నడుస్తానని. మా జేజిది మొదట్లో దిష్టి మతం. వారానికి రెండుసార్లు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి బయటికి పరిగెత్తేవాళ్లం, ఆ పరుగులో నేను గడప దగ్గర పడేదాన్ని. ఒకసారి నంద్యాలలో డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయారు. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, ఎముక ఎక్కడా విరగలేదు, భయం లేదు అన్నాడు. పాపం మంచి మాటే చెప్పాడు. ఆ మంచి మాటే నా కొంప ముంచింది. ఎముక విరగనప్పుడు ఈ పిల్ల పడడమెందుకు? ఆ రోజు నుంచి మా జేజి దిష్టి మతం వదిలేసి పొగరు మతం పుచ్చుకుంది. పని తప్పించుకోవడానికి కావాలనే పడుతున్నానని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. మా ఇంటి సున్నం గోడ మీద, మనిషి నడుమంత ఎత్తులో, వసారా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జిడ్డు చారిక ఒకటి ఉండేది. ఏటా సున్నం కొట్టినా నెలలోపల మళ్లీ తేలేది. పడబోతూ మాసిన చేతులతో గోడ పట్టుకునేది నేనే అని ఆ నేరం కూడా నా నెత్తినే రుద్దారు. ఆ చారిక నా చెయ్యి ఆనే చోటికంటే జానెడు ఎత్తులో ఉందని ఎవరికీ తట్టలేదు.

మా నాయనది రాతి మతం. మా ప్రాంతంలో మనిషి నాపబండ మీద పుట్టి, నాపబండ మీద తిని, నాపబండ మీద పడుకుని పెరుగుతాడు. నేల నాపబండే, అరుగు నాపబండే, ఇంట్లో అల్మారా నాపబండే, ఎద్దులు కుడితి తాగే తొట్టి నాపబండే. మా వాకిట్లో బండలు మూడు తరాల పాదాలు రుద్ది రుద్ది నున్నగా, తల దువ్వుకుంటే మొహం కనపడేంత అద్దాల్లా ఉండేవి. కాబట్టి దోషం బండలదే అని మా నాయన తీర్మానించాడు. నేను ఎక్కువగా పడే బండను గడ్డపారతో లేపి తిరగేసి వేయించాడు. దాని కింద తేలు ఒకటి కాపురముంటోంది. మూడు రోజులు ఊరంతా ఆ తేలే నన్ను పడేస్తోందని చెప్పుకుంది. నాలుగో రోజు తిరగేసిన బండ మీద కూడా నేను పడ్డాను.

ఇదంతా నవ్వులాటగానే పోయేది, ఆ ఎండాకాలం నేను అయిదో తరగతి ప్యాసు కాకపోయి ఉంటే. మా ఊళ్లో బడి అయిదుతో సరి. ఆరో తరగతికి నంద్యాల పోవాలి. రెండు మైళ్ల నడక, మధ్యలో వంక, అంటే చిన్న వాగు. వంకలో దాటడానికి పన్నెండు బండలు వేసి ఉండేవి. మా ఊరి నుంచి ఆ ఏడాది ఆరో తరగతికి పోతామన్న ఆడపిల్లలం ఇద్దరమే. ఆ రెండో పిల్ల మేకపిల్లలా గెంతుతూ వంక దాటేది. మా జేజి మాత్రం కాళ్లు చాపుక్కూర్చుని తీర్పు చెప్పేసింది, నేలమీదే నిలబడలేని పిల్ల నీళ్ల మీద ఏం నిలబడుతుంది, బడీ వద్దు గిడీ వద్దు, ఇంట్లోనే ఉండనీ అని. నేను మూడు రోజులు ఏడ్చాను. ఆ కన్నీళ్లకు వంక పొంగి ఉండాల్సింది, ఎండాకాలం కాబట్టి ఇంకిపోయాయి. నాకు చదువంటే ప్రాణమని కాదు. నంద్యాల బడిలో పిల్లలు బెంచీల మీద కూర్చుంటారని విన్నాను. కూర్చున్న మనిషి పడదు కదా, అదీ నా ఆశ.

మా నాయన మధ్యేమార్గం కనిపెట్టాడు. బడి తెరిచే రోజు నేను పడకుండా వంక దాటితే బడికి, పడితే ఇంటికి. ఆ మాట అని ఊరుకోక, ఆళ్లగడ్డకు కార్డు ముక్క రాసి రాతిపని చేసే పెద్దాయనను పిలిపించాడు. వాకిట్లో బండలకూ వంకలో బండలకూ ఉలితో గంట్లు కొట్టిస్తే కాలు జారదని ఆయన ఎత్తు. కూతురి కోసం నంద్యాల దాకా దారి చెక్కించాలనుకున్న నాయన ఇంకొకరికి ఉన్నాడో లేదో నాకు తెలియదు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పనివాళ్లు తరాలుగా ఉన్నారు. ఈ తాత వాళ్లలో ఒకడు. మనిషి నాకంటే జానెడు ఎత్తు, చేతులు మాత్రం మా నాయన చేతులకు రెండింతలు. కనుబొమల నిండా రాతిపొడి. నిద్ర లేచి మొహం కడుక్కున్నా ఆ పొడి పోయేది కాదు, లోపలి నుంచే ఊరుతుందేమో అనుకునేదాన్ని. ఆయనలో అసలు వింత ఏమిటంటే మనిషి మొహం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. బస్సు దిగి మా వాకిట్లోకి రాగానే మా నాయన పాదాల కేసి చూసి కుశలమడిగాడు. మా అమ్మ మంచినీళ్లు తెస్తే పాదాల కేసి చూసి చెంబు అందుకున్నాడు. వసారాలో నిలబడిన మా జేజి పాదాల కేసి మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత గోడ మీది చారిక కేసి చూశాడు.

రెండు రోజులు వాకిట్లో టక్కు టక్కుమని ఉలి మోత. నున్నటి బండ మొహం నిండా మశూచి వచ్చినట్టు గంట్లు పడ్డాయి. మూడో రోజు పొద్దున మా నాయన నన్ను పిలిచి, బండ మీద నడిచి చూపించమన్నాడు. నేను తొమ్మిది అడుగులు దివ్యంగా వేశాను. పదో అడుగు గురించి మీకు ముందే చెప్పాను. ఇదివరకు ఒట్టిగా పడేదాన్ని, ఇప్పుడు గంట్లకు మోకాలి చర్మం కూడా ఊడింది. బండకు పళ్లు మొలిపించి పిల్ల మీదికి వదిలినారని మా జేజి చప్పట్లు కొట్టి మరీ దెప్పింది. మా నాయన తల దించుకున్నాడు. ఎత్తంతా కూలిపోయింది, బడి తెరవడానికి నెల కూడా లేదు.

తాత ఉలి కింద పెట్టాడు.

"అప్పా, రాయి తప్పుంటే రాతికి చెప్తా. ఇది రాయి తప్పు కాదు."

"మరేంది? పొగరు," అంది మా జేజి.

ఆయన పళ్లెంలో ఇంత జాజు, అదే గోడలకు పూసే ఎర్రమన్ను, కలిపి ఎర్రనీళ్లు తెమ్మని మా అమ్మను అడిగాడు. ఇంటికి ఏదో అరిష్టం ఉందనీ, ఇంట్లో వాళ్లందరూ ఒక్కొక్కరుగా ఎర్రపాదాలతో కొత్తగా చెక్కిన బండల మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలనీ, పెద్దవాళ్ల పాదాలు ముందు పడితే ఇంటికి లక్ష్మి నడిచి వచ్చినంత మేలనీ, విగ్రహం చెక్కేవాడు మంత్రం చెప్పినంత గంభీరంగా చెప్పాడు. లక్ష్మి పేరు ఎత్తాక మా జేజి కాదనలేదు. కొంగు బొడ్లో దోపి పళ్లెంలో పాదాలు ముంచింది. బండల దగ్గరికి వచ్చి ఆగింది. వాకిలి నడిమధ్యన గోడ లేదు, స్తంభం లేదు. మా నాయన వైపు చెయ్యి చాపింది. చెయ్యి పట్టుకుంటే ఫలం పట్టుకున్నవాళ్లకు పోతుందన్నాడు తాత. మా జేజి తన ఫలం కొడుక్కు కూడా ఇచ్చే మనిషి కాదు. ఏటిని ఈదుతున్నట్టు రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ, పెదవి కొరుక్కుంటూ, పదహారు అడుగులు వేసి ఆ కొసకు చేరి, అక్కడున్న గాదెను కావలించుకుంది. ఆమె వెనక మా నాయన, ఆయన వెనక మా అమ్మ, చివర నేను. దారిన పోయేవాళ్లు వాకిలి ముందు ఆగి, ఏ నోము, మాకు చెప్పలేదే అని అడిగారు. ఏదో నోమేలే అన్నాడు మా నాయన, చూస్తున్నవాళ్లకు పాదాలు కనపడకుండా పంచె కిందికి లాక్కుంటూ. నేను ఆ నోములో ఏడో అడుగుకే పడ్డాను.

జాజు ఆరాక తాత మమ్మల్ని పిలిచి చూడమన్నాడు. మా నాయన అడుగులు నిండుగా, దున్నపోతు పడుకున్నట్టు ఉన్నాయి. మా అమ్మవి ముగ్గు వేసినట్టు పొందిగ్గా ఉన్నాయి. నా ఎడమ అడుగు బాగానే ఉంది. కుడి అడుగు అడుగులా లేదు, కొడవలిలా ఉంది. మడమలో బయటి సగం, అక్కడి నుంచి బయటి అంచున సన్నటి గీత, చివర వేళ్ల చుక్కలు. పాదం లోపలి భాగం నేలను తాకనే లేదు. నేను నా కొడవలిని చూసుకుంటుండగా తాత నా భుజం పట్టి పక్క వరసకు తిప్పాడు. అక్కడ ఇంకో కొడవలి ఉంది. అదే మడమ సగం, అదే అంచు గీత, అదీ కుడికాలే. కాకపోతే పెద్దది. పెద్ద కొడవలి మా జేజిది.

మా నాయన గోడ మీది చారిక కేసి చూశాడు, తల్లి చెయ్యి కేసి చూశాడు, మళ్లీ చారిక కేసి చూశాడు. నడుమంత ఎత్తు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి, తన తల్లి గోడ పట్టుకోకుండా నడవడం తాను ఎప్పుడూ చూడలేదని ఆయనకు అప్పుడే తట్టింది. మేమందరం అది జేజి పెద్దరికం అనుకునేవాళ్లం, ఇల్లంతా తడిమి చూసుకునే యజమానురాలి తీరు అనుకునేవాళ్లం.

మా జేజి ఆ బండ మీదే కూలబడింది. ఆమె గొంతు అంత చిన్నదిగా నేను అంతకుముందు వినలేదు.

"నన్ను గూడా ఇట్లనే అంటాండ్రి. పొగరని."

ఆమెకు పదేళ్లప్పుడు నీళ్లబిందెతో పడిందట. ఒకసారి కాదు, ఊరు నవ్వేటన్ని సార్లు. నిలబడలేని పిల్లకు వీధులెందుకని వాళ్ల నాయన గడప దాటనివ్వలేదట. మా ఇంటికి కోడలిగా బండిలో వచ్చి దిగింది. అప్పటి నుంచి వంక దాటిందంటే గూడుబండిలోనే, ఇంట్లో నడిచిందంటే గోడ పట్టుకునే. ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఉంటే ఎవరూ నవ్వరు, అందుకే పిల్లను కూడా ఇంట్లోనే ఉండనీ అన్నా అని చెప్పి, కొంగుతో తన జాజు పాదాన్ని తుడుచుకోసాగింది. మా అమ్మ వెళ్లి ఆ కొంగు అందుకుని తాను తుడిచింది.

ఆ మధ్యాహ్నం తాత రెండు రాతి పెంకులు తీసుకుని ఏదో చెక్కుతూ కూర్చున్నాడు. నేను పక్కన చేరాను. కాలు చెక్కాలంటే కాలు లోపల ఏముందో తెలియాలని, కుర్రతనంలో ఆయన గురువు ఆయన్ని విరిగిన ఎముకలకు కట్టు కట్టే ముసలాయన దగ్గరికి ఒక ఏడు పంపించాడట. ఆ ముసలాయన గొర్రె ఎముకలు ముందేసుకుని కీళ్ల సంగతులు చెప్పేవాడట. నా చీలమండకు రెండు పక్కలా ఉన్న గుబ్బల్ని తాత తన బొటనవేలితో నొక్కి చూపించాడు. ఈ రెండూ రెండు పక్కల గోడలు, పైన మోకాలి నుంచి దిగే ఎముక కప్పు, ఆ మూడింటి నడుమ ఒక ఎముక కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అదే మన నడక అన్నాడు. గుంత లోతుగా ఉండి, గోడలు నిండుగా దిగితే ఎముక కుదురుగా కూర్చుంటుంది. గుంత లోతు తక్కువైనా, మడమ ఎముక ఒక పక్కకు ఒరిగి ఉన్నా, ఏ చిన్న మిట్టపల్లం తగిలినా పక్కకు జారుతుంది. మనుషుల మొహాలు ఎన్ని రకాలో చీలమండలు అన్ని రకాలట. మొహం అందరూ చూస్తారు కాబట్టి ముక్కు వంకర అయితే దేవుడిచ్చిందంటారు, చీలమండ ఎవరూ చూడరు కాబట్టి పొగరంటారు.

చెక్కిన పెంకులు నా చేతిలో పెట్టాడు. ఒకదానికి లోతైన గుంత, ఇంకోదానికి లోతులేని గుంత. రెండింటిలోకీ పట్టే ఒకే గుండు. లోతు గుంతలో గుండు నేనెంత ఆడించినా కదల్లేదు. రెండోదాంట్లో చిటికెన వేలితో తోస్తే పక్కకు దొర్లిపోయింది. నా కాలే అది. నాకు ఏడుపొచ్చింది. ఆయన తొందరపడకుండా తన సంచిలోంచి దారం తీసి, ఆ గుండునూ పెంకునూ కలిపి అడ్డంగా, ఐమూలగా, బిగించి కట్టాడు. ఇప్పుడు తొయ్యమన్నాడు. తోశాను. గుండు కొంచెం కదిలి మళ్లీ తన చోటికి తాను వచ్చింది.

"గుంత లోతు చేసేది నా చేతిలో ల్యా, నీ చేతిలో ల్యా. దారం బిగించేది నీ చేతిలో ఉండాది పాపా."

ఇంకో మాట కూడా చెప్పాడు. విగ్రహంలో ముందుగా విరిగేది చీలమండల దగ్గరే, పైనున్న బరువంతా ఆ సన్నటి చోటే మోయాలి. అందుకే పనితనం తెలిసినవాడు కాళ్ల వెనక రాయిని పూర్తిగా తొలిచెయ్యడు, ఆసరాగా వదిలేస్తాడు. దేవుడికే వెనక ఆసరా పెడతాండాం, నీకు పెట్టుకుంటే సిగ్గేంది అన్నాడు. ఆ తర్వాత నేను ఎన్నో గుళ్లు చూశాను. జనం మొహానికి దండం పెడుతుంటే నేను పక్కకు వంగి కాళ్ల వెనక చూస్తాను. పూజారులు నన్ను అనుమానంగా చూస్తారు.

వంకలో బండలకు గంట్లు వద్దని మా నాయనకు చెప్పి, తాత ఆళ్లగడ్డ పోయేలోపల నాకు మూడు పనులు అప్పగించాడు. పాతచీర అంచు చింపి పాదం చుట్టూ, చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా బిగించి కట్టుకోవడం. చింతగింజలు నేల మీద పోసి కాలివేళ్లతో ఏరడం. కుడికాలి మీద ఒంటికాలితో నిలబడడం, మొదటి రోజు ఇరవై ఉలిదెబ్బలంత సేపు, తర్వాత పెంచుకుంటూ పోవడం. నాలుగోది పని కాదు, ఉపాయం. కాలు మడతపడుతోందని తెలియగానే నిటారుగా బిగుసుకుని పడొద్దు, మోకాళ్లు వంచి గొంతుక్కూర్చో అన్నాడు. కూర్చున్నవాడికి పడడానికి ఎత్తు ఉండదు.

మర్నాడు పొద్దున నేను వసారాలో ఒంటికాలి మీద నిలబడి ఇరవై లెక్కపెడుతుంటే పక్కన గాజుల చప్పుడైంది. మా జేజి. అరవై ఏళ్ల మనిషి, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఎడమకాలు బెత్తెడు పైకెత్తి నిలబడి ఉంది. నేను చూస్తే, "నీ లెక్క నువ్వు చూసుకో," అని కసిరింది. ఆ నెలంతా మా వసారాలో జేజీ మనవరాలూ రెండు కొంగల్లా నిలబడేవాళ్లం. పాలు పోసే ఆమె మమ్మల్ని చూసి, వీళ్లింట్లో కాళ్లకు కరువొచ్చిందా అని అడిగిందట. మొదటి వారం జేజి అరచెయ్యంతా గోడకు ఉండేది. రెండో వారం నాలుగు వేళ్లు. మూడో వారం చిటికెన వేలు. నేను ఒకటి నుంచి వంద లెక్కపెట్టే లోపల ఆ చిటికెన వేలు కూడా గోడను వదిలి, మళ్లీ అంటుకుని, మళ్లీ వదిలేది. ఆ వేలు వదిలినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టేదాన్ని. చింతగింజల ఆటలో మాత్రం ఆవిడ మోసం చేసేది. నా గుట్టలోంచి ఏరుకునేది.

బడి తెరిచే రోజు వచ్చింది. కాలికి కట్టు, చేతిలో పలక, తలకు ఆముదం. మా నాయన ముందు నడిచాడు. వాకిలి దాటాక చూస్తే వెనక జేజి వస్తోంది. ఆమె కుడికాలికి కూడా చీర అంచు కట్టు, మా అమ్మ కట్టింది. బండి కట్టమంటావా అని మా నాయన అడిగితే, ఎద్దులకు పనిల్యా అని ముందుకు కదిలింది.

వంకలో చీలమండల లోతే నీళ్లున్నాయి. నాకు మాత్రం అది కృష్ణానదిలా కనపడింది. మా నాయన నాలుగంగల్లో దాటేసి అవతలి గట్టు మీద న్యాయాధిపతిలా నిలబడ్డాడు. నేను మొదటి బండ ఎక్కాను. రెండు, మూడు, నాలుగు. తొమ్మిదో బండ మీద ఊపిరి తీసుకున్నాను. పదో బండ మీద కాలు పెట్టగానే లోపల గొళ్లెం కదిలింది. పాదం లోపలికి తిరగబోయింది, కట్టు దాన్ని గట్టిగా పట్టుకుంది, నేను మోకాళ్లు వంచి ఆ బండ మీదే గభాలున గొంతుక్కూర్చున్నాను. పలక నీళ్లలో పడింది. నేను పడలేదు. లంగా అంచు కూడా తడవలేదు.

అవతలి గట్టు మీద మా నాయన మొహంలో రంగు మారింది. మాట మాటే. ఇది పడడమా, కాదా? ఆయన నోరు తెరిచేలోపల నా వెనక, ఎనిమిదో బండ మీద, ఏ గోడా లేని చోట నిలబడి ఉన్న మనిషి తీర్పు చెప్పింది.

"కూచునె. పడల్యా. నువ్వు ఊరుకో నాయనా."

నేను లేచి పదకొండు, పన్నెండు దాటాను. మా నాయన నా చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించాడు, కళ్లలో నలక పడిందని పంచె కొసతో తుడుచుకున్నాడు. ఆ వంకలో నలకలు ఎక్కువ. జేజి మిగిలిన నాలుగు బండలూ ఒక్కొక్కటిగా, చేతులు గాలిలో ఆడిస్తూ, పదో బండ దగ్గర వంగి నా పలకను నీళ్లలోంచి తీసి చంకలో పెట్టుకుని మరీ దాటింది. గట్టెక్కాక కనుచూపు మేరలో ఉన్న నంద్యాల మేడల్నీ చెట్లనీ చాలాసేపు చూసింది.

"ఇంత దగ్గరా," అంది.

నేను ఆరో తరగతిలో చేరాను. బెంచీల సంగతి నిజమే. ఆ తర్వాత కూడా పడ్డాను, కాకపోతే తొమ్మిది అడుగులకొకసారి కాదు, ఏడాదికొకసారి, పండగలా. మా ఇంటి గోడకు మరుసటి ఉగాదికి కొట్టిన సున్నం ఏడాదంతా తెల్లగానే ఉంది, ఒక్క మెట్ల దగ్గర తప్ప. జేజి బతికినన్నాళ్లూ శనివారం శనివారం బండి లేకుండా వంక దాటి నంద్యాల గుడికి పోయేది. గుడికంటే దారే ఆమెకు ఎక్కువ ఇష్టమని నా అనుమానం.

ఈ మధ్య మోకాలి నొప్పికని పోతే కొత్త డాక్టరు కాలంతా ఫోటో తీయించి, దీపం ముందు పట్టి, మీ చీలమండ ఎముక తీరు పుట్టుకతోనే ఇలా ఉంది, మీకెవరూ చెప్పలేదా అని అడిగాడు. చెప్పారు బాబూ, ఆళ్లగడ్డ ఆయన, దీపం లేకుండానే అన్నాను. ఆ రెండు పెంకులూ గుండూ ఇప్పటికీ నా పోపులపెట్టె పక్కన ఉన్నాయి. దారం నాలుగుసార్లు మార్చాను. పాలు పొంగేదాకా నేను పొయ్యి ముందు కుడికాలి మీదే నిలబడతాను. కొత్తగా వచ్చిన కోడలు మొదటి రోజు చూసి హడలిపోయింది. ఇప్పుడు తానూ నిలబడుతోంది, ఎందుకో తెలియకుండానే.

ఎక్కడైనా ఆడుకునే చోట ఊరికే పడే పిల్ల కనపడితే, కళ్లు కనపడలేదా అని పక్కవాళ్లు అనే మాట నా నోటికి రాదు. ముందు ఆ పిల్ల పాదాలు చూస్తాను. తర్వాత తల తిప్పి, ఆ పిల్లను కోప్పడుతూ వెనక గోడ పట్టుకుని నిలబడిన ముసలామె ఎవరైనా ఉందేమో, ఆమె పాదాలు చూస్తాను.